ఆరడుగుల ట్యాంకు, ఏపీఐ టెస్ట్ కిట్, మా ఉప్పల్ నీళ్లు

ముందే చెప్పేస్తాను. మీ ఇంట్లో నాలుగడుగులు దాటిన ఆక్వేరియం ఉంటే, ఇంకో చేప కొనే ముందు ఏపీఐ కంపెనీ వాళ్ల ఫ్రెష్‌వాటర్ మాస్టర్ టెస్ట్ కిట్ (ట్యాంకు నీళ్లలో మందు చుక్కలు వేసి, మారే రంగును బట్టి నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పే పెట్టె) కొనండి. చవక కాదు, ధర వేలల్లోనే ఉంటుంది. అయినా కొనండి. ట్యాంకులో ఎన్ని చేపలు పడతాయన్న ప్రశ్నకు షాపులో ఒక జవాబు, యూట్యూబ్‌లో ఒక జవాబు, పక్కింటి వాళ్ల దగ్గర ఇంకో జవాబు దొరుకుతాయి. మీ ట్యాంకుకు, మీ ఇంటి నీళ్లకు సరిపోయే జవాబు మాత్రం ఈ కిట్ గాజు ట్యూబుల్లోనే దొరుకుతుంది.

నేను డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా శాంపిల్స్, రియేజెంట్లు, రీడింగులు. అందుకే రంగు మారి ఫలితం చెప్పే ఏ కిట్‌నైనా నేను ఊరికే నమ్మను. ఎక్కడ కచ్చితంగా చెప్తుందో, ఎక్కడ తడబడుతుందో చూసుకున్నాకే నమ్ముతాను. దీన్ని అలా చూసుకున్నాకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మా హాల్లో ఉన్నది ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకు. లెక్కకు 680 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేసి, ట్యాంకు కింద ఫిల్టర్ ఉండే తొట్టిలో (దీన్నే సంప్ అంటాం) ఉన్న నీళ్లు కలుపుకుంటే నిజంగా ఉండేది 600 లీటర్ల చుట్టూ. నీళ్లే 600 కిలోలు, ఆపైన అద్దం, రాళ్లు, ఇనుప స్టాండు. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు కాబట్టి ధైర్యంగా పెట్టాం. అందులో మలావీ సిక్లిడ్లు 30 దాకా ఉన్నాయి: పసుపు రంగు ఎల్లో ల్యాబ్‌లు, నీలం పీకాక్‌లు, ఇంకో రెండు మూడు రకాలు.

మలావీ చేపలే ఎందుకంటే, నీళ్లను బట్టి. తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సు నీళ్లకు క్షార గుణం ఉంటుంది, పీహెచ్ 8 చుట్టూ తిరుగుతుంది. మా బోరు నీళ్లు బకెట్ అంచున తెల్లగా గార కట్టే రకం, పీహెచ్ 8కి కాస్త పైనే. ఈ నీళ్లలో, మెత్తటి నీళ్లు కోరే డిస్కస్ చేపల్ని పెంచాలంటే రోజూ నీళ్లతో యుద్ధమే. ఈ సిక్లిడ్లకైతే నీళ్ల గుణం మార్చాల్సిన పనే లేదు, ఉన్నవి ఉన్నట్టే నచ్చుతాయి.

కానీ వీటితో ఇంకో చిక్కుంది. ఇవి కొట్లాట చేపలు. ట్యాంకులో నాలుగైదే ఉంటే బలమైన మగది బలహీనమైనదాన్ని పట్టుకుని అదే పనిగా తరుముతుంది, అది మేత తినలేక, దాక్కోలేక చచ్చిపోతుంది. అందుకని వీటిని పెంచేవాళ్లు కావాలనే కాస్త ఒత్తుగా వేస్తారు. అప్పుడు దాడి ఒక్కదాని మీదే పడదు. అంటే చేపల సంఖ్య తగ్గించి హాయిగా ఉందామంటే కుదరదు, పెంచితే నీళ్లు పాడవుతాయి. ఎక్కడ ఆగాలో తెలియాలి. కిట్ నాకు పనికొచ్చింది సరిగ్గా అక్కడే.

గాలన్‌కు (సుమారు 3.8 లీటర్లు) ఒక అంగుళం చేప అని ఒక పాత లెక్క ఉంది. మా దగ్గరి షాపులో కూడా అదే చెప్పారు. దీంతో వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, చేప పొడవు రెట్టింపయితే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. పది అంగుళాల ఆస్కార్ ఒకటి, ఒక్కో అంగుళం ఉన్న నియాన్ టెట్రాలు పది, రెండూ ఆ లెక్కలో సమానమే. తినే తిండిలో, వదిలే మలంలో వాటికి పోలికే లేదు. పైగా షాపులో చూసేది పిల్లను. రెండంగుళాల ఆస్కార్ పిల్ల ఏడాది తిరిగేసరికి అడుగుకు దగ్గరపడుతుంది. ‘షార్క్’ అని అమ్మే పంగాస్ పిల్ల పెద్దదైతే మీటరు దాటగల చేప, ఇళ్లలో పెట్టే ఏ ట్యాంకూ దానికి చాలదు.

మా మేనమామకు కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. ఎన్ని చేపలు వేయొచ్చు మామయ్యా అని ఫోన్‌లో అడిగితే ఆయన తిరిగి అడిగిన మాట ఇది: “చేపల సంగతి తర్వాత అమ్మాయ్, రోజుకు మేత ఎంత పడుతోంది?” నీళ్లలోకి వెళ్లేది మేత, నీళ్లను పాడుచేసేదీ మేతే. చేప మధ్యలో ఉన్న దారి మాత్రమే. ఆ ఒక్క ప్రశ్నతో నా లెక్కంతా మారిపోయింది.

ఆక్వాకల్చర్‌లో వాడే సూత్రం ఒకటుంది. మేత బరువును అందులోని ప్రొటీన్ వంతుతో, ఆపైన 0.092తో గుణిస్తే, దాన్నుంచి పుట్టే అమ్మోనియా నత్రజని వస్తుంది. నేను వాడే గుళికల్లో ప్రొటీన్ 40 శాతం. రోజుకు 10 గ్రాములు వేస్తే 0.37 గ్రాముల నత్రజని. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత ఆ రెంటికంటే తక్కువ హాని చేసే నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అయ్యేసరికి బరువు 4.43 రెట్లు, అంటే 1.63 గ్రాములు. 600 లీటర్లలో రోజుకు 2.7 పీపీఎం (లీటరుకు అన్ని మిల్లీగ్రాములు), వారానికి 19 పీపీఎం.

ఇది కాగితం మీది లెక్క. దీన్ని సరిచూసుకునే సాధనం కిట్‌లోని నైట్రేట్ టెస్టు. నీళ్లు మార్చిన రోజు సాయంత్రం ఒక రీడింగ్, మళ్లీ మార్చే ముందు ఒక రీడింగ్. ఆ రెంటి మధ్య తేడాయే మీ చేపలు నీళ్ల మీద పెట్టే అసలు భారం. నాకు కిట్‌తో వచ్చే రంగుల కార్డు మీద రంగు 20 దగ్గర నుంచి 40 దగ్గరికి వెళ్లింది. కాగితం, ట్యూబు ఒకే మాట చెప్పాయి.

ఇక్కడి నుంచి అసలు సంగతి మొదలవుతుంది. వారానికి పెరిగే నైట్రేట్‌ను, మీరు వారానికి మార్చే నీళ్ల వంతుతో భాగించండి. నీళ్లు మార్చే ముందు మీ ట్యాంకు చివరికి ఏ అంకె దగ్గర స్థిరపడుతుందో తెలుస్తుంది. వారానికి 19 పెరుగుతూ, నాలుగో వంతు నీళ్లే మారుస్తుంటే 76 దగ్గర నిలబడుతుంది. సగం మారిస్తే 38. నేను పెట్టుకున్న హద్దు 40. చాలామంది 20 అంటారు, మొక్కలు ఒత్తుగా ఉన్న ట్యాంకుకు అది బాగానే కుదురుతుంది. కానీ నా చేపలు మొక్కల్ని పీకి పారేస్తాయి.

పై లెక్కకు ఇంకో అంకె కలపాలి, దాన్ని చాలామంది వదిలేస్తారు. కొత్తగా పోసే నీళ్లలో ముందే ఎంత నైట్రేట్ ఉంది? ఈ కిట్ ఎవరైనా కొంటే మొదటి టెస్టు ట్యాంకు నీళ్లకు కాదు, కుళాయి నీళ్లకు చేయమంటాను. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం నైట్రేట్ హద్దు 45. పాత కాలనీల్లో, డ్రైనేజీ లైన్ల పక్కన ఉన్న బోర్లలో నైట్రేట్ ఉండటం వింతేమీ కాదు. మా బోరు నీళ్లు 20 చూపించాయి. నల్లా నీళ్లు 5 లోపే. అంటే బోరు నీళ్లతో వారం వారం సగం ట్యాంకు మార్చినా 38కి 20 కలిసి 58 దగ్గరే ఆగుతుంది. ఎంత చాకిరీ చేసినా దిగదు. నల్లా నీళ్లతో అయితే 43. రెండు కుళాయిలకు రెండు టెస్టులు చేస్తే చాలు, ఏ నీళ్లు ట్యాంకుకు, ఏ నీళ్లు గిన్నెలు తోమడానికి అన్నది తేలిపోయింది.

కానీ హైదరాబాద్‌లో నల్లా రోజూ రాదు. మాకు రోజు విడిచి రోజు వస్తుంది, ఆ కాసేపట్లోనే ఇంటికి కావాల్సినవన్నీ పట్టుకోవాలి. సగం ట్యాంకంటే 300 లీటర్లు. ఆగస్టులో అది సమస్యే కాదు, డ్రమ్ములు నింపుకుంటాం. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండి, వీధిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే రోజుల్లో, చేపలకని 300 లీటర్లు పక్కన పెట్టడం ఇంట్లో ఎవరికీ ఒప్పుకోదగ్గ మాట కాదు. నాకూ కాదు. మనం చేపలు కొనేది వానాకాలం, చలికాలం. వాటికి నీళ్లు వెతుక్కునేది ఎండాకాలం. అందుకే ట్యాంకులో ఎన్ని చేపలుండాలో నేను మే నెలను చూసి నిర్ణయిస్తాను. మే నెలలో వారానికి ఎన్ని లీటర్లు ఇవ్వగలనో అది మొదటి అంకె. దాన్నుంచి వెనక్కి లెక్కేస్తే ఎంత మేత వేయొచ్చో తెలుస్తుంది, ఆ మేత ఎన్ని పెద్ద చేపలకు సరిపోతుందో తెలుస్తుంది.

నా విషయంలో అది వారానికి 240 లీటర్లు, అంటే 40 శాతం. మేత వారం మొత్తానికి 45 గ్రాములు, ఒక రోజు పస్తు. పెద్ద చేపలకు ఒకరోజు పస్తు మంచిదే. దాంతో వారానికి పెరిగేది 12 పీపీఎం. నల్లా నీళ్ల వంతు కలిపినా 35 దగ్గర ఆగుతుంది. ఆ మేతకు ఈ 30 చేపలు చక్కగా, ఒళ్లు చేయకుండా, రంగు తగ్గకుండా ఉన్నాయి. 31వది వద్దు. తీసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, మల్లె పొదకు పోస్తాను, ఒక్క చుక్క కాలువలోకి పోదు. ఆ నైట్రేట్ మొక్కకు ఎరువే.

షాపు ఆయన మంచివాడే. కానీ వెళ్లినప్పుడల్లా “ఏం గాదక్కా, ఇంత పెద్ద ట్యాంకుల ఇంకో పది ఏస్కోవచ్చు” అంటాడు. నీళ్లు అద్దంలా కనిపిస్తున్నాయి కదా అని ఆయన ధీమా. నీళ్లు తేటగా ఉండటానికీ, బాగుండటానికీ సంబంధం లేదు. అమ్మోనియాకు రంగు లేదు, నైట్రైట్‌కు రంగు లేదు. రెండూ చేపను చంపగల మోతాదులో ఉన్నా ట్యాంకు అవతలి గోడ మీద క్యాలెండర్ తేదీలు చదువుకోవచ్చు.

ఇక కిట్ ఎలా ఉంటుందో చెప్తాను. ఏడు చుక్కల సీసాలు, మూతలున్న నాలుగు గాజు ట్యూబులు, రంగుల కార్డు. మామూలు పీహెచ్, హై రేంజ్ పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ టెస్టులు. పెట్టె మీద 800 టెస్టులకు పైగా వస్తాయని ఉంటుంది. ప్రతి టెస్టుకూ గీత దాకా 5 మిల్లీలీటర్ల నీళ్లు. సీసాను నిటారుగా తలకిందులు చేసి పట్టుకోండి. వంచి పట్టుకుంటే చుక్క సైజు మారుతుంది, చుక్క మారితే ఫలితం మారుతుంది. మాకు ట్రైనింగ్‌లో పైపెట్ పట్టుకోవడం నేర్పినప్పుడు మొదట చెప్పిన మాట అదే.

అమ్మోనియా టెస్టుకు రెండు సీసాల నుంచి ఎనిమిదేసి చుక్కలు వేసి, ఊపి, ఐదు నిమిషాలు ఆగాలి. పసుపుగా ఉంటే సున్నా, ఆకుపచ్చ తిరిగే కొద్దీ ప్రమాదం. నైట్రైట్ ఐదు చుక్కలు, లేత నీలం అయితే సున్నా, ఊదాకు తిరిగితే కంగారు పడాల్సిందే. ఈ రెండూ స్థిరపడిన ట్యాంకులో ఎప్పుడూ సున్నాయే ఉండాలి, పావు పీపీఎం కూడా ఉండకూడదు.

నైట్రేట్ టెస్టును మాత్రం ఓపిగ్గా చేయాలి. మొదటి సీసా పది చుక్కలు వేసి ట్యూబు తిప్పండి. రెండో సీసాలోని మందు అడుగున గడ్డ కడుతుంది. దాన్ని బల్ల మీద రెండు దెబ్బలు కొట్టి, అర నిమిషం గట్టిగా, నిజంగా చేయి నొప్పి పుట్టేలా ఊపాలి. తర్వాత పది చుక్కలు, మళ్లీ ట్యూబును నిమిషం పాటు ఊపడం, ఐదు నిమిషాలు ఆగడం. ఈ ఊపుడు సరిగ్గా లేకపోతే రంగు పసుపు దగ్గరే ఆగిపోయి, నైట్రేట్ లేదని తప్పుగా చెప్తుంది. చాలామంది ఈ టెస్టును తిట్టుకోవడానికి కారణం ఇదే. గడియారం చూసుకుని చేస్తే నిక్కచ్చిగా పనిచేస్తుంది.

రంగు చూడటం గురించి ఒక మాట. ట్యూబ్‌లైటు కింద, ఎల్‌ఈడీ కింద అమ్మోనియా సున్నా కూడా లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది. పగటిపూట, కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట ట్యూబును కార్డు తెల్ల భాగానికి ఆనించి చూడండి. అనుమానం వస్తే పక్కన ఇంకో ట్యూబులో మినరల్ వాటర్ పోసి అదే టెస్టు చేసి పోల్చుకోండి. ల్యాబ్‌లో దాన్ని బ్లాంక్ అంటాం. రెండు ట్యూబులూ పక్కపక్కన ఒకేలా ఉంటే మీ ట్యాంకు సున్నాయే.

నైట్రేట్ కార్డులో 40కీ 80కీ మధ్య ఎరుపులు చాలా దగ్గర. ల్యాబ్ కన్ను ఉన్న నాకే ఒక్కోసారి తేల్చుకోవడం కష్టం. దానికి ఉపాయం, ట్యాంకు నీళ్లు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి టెస్టు చేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయడం. నారింజ రంగు దగ్గర కన్ను తేడా బాగా పట్టగలదు.

హై రేంజ్ పీహెచ్ సీసా మన ఊరి వాళ్లకు చాలా ముఖ్యం. మామూలు పీహెచ్ టెస్టు 7.6 దగ్గర ఆగిపోతుంది. మన బోరు నీళ్లు ఎక్కువగా దానికి పైనే ఉంటాయి కాబట్టి రెండోది చేయాల్సిందే. ఇది అమ్మోనియాతో ముడిపడిన విషయం. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయని అమ్మోనియం, రెండోది మొప్పలను కాల్చే అమ్మోనియా. ఏది ఎంత ఉంటుందో పీహెచ్, వేడి తేలుస్తాయి. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే విషం వంతు ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8.2 అయితే దాదాపు 10 శాతం. కిట్ రెండింటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. అందుకే అర పీపీఎం అమ్మోనియా మెత్తటి నీళ్ల ట్యాంకులో పెద్ద ప్రమాదం కాదు, మా ట్యాంకులో మొప్పలు దెబ్బతినడానికి సరిపోతుంది. విదేశీ వీడియోల్లో ఎవరో ఏం కాదన్నారని మనం ఊరుకోకూడదు.

మా బాబాయి కొడుకు నాచారంలో ఉంటాడు. వాడు ఐదడుగుల ట్యాంకు కొంటే, షాపు వాళ్లు ట్యాంకు బిగించిన రోజే 40 చేపలు కూడా వేసి వెళ్లారు. వారం తిరగకుండా ఫోన్. “అక్కా, అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నయ్. టీడీఎస్ పెన్ను పెట్టి చూసిన, మంచిగనే ఉంది.” కిట్ బ్యాగులో పెట్టుకుని వెళ్లాను. అమ్మోనియా ట్యూబు ముదురు ఆకుపచ్చ, 2 పీపీఎం. నైట్రైట్ ట్యూబులో చుక్కలు పడుతూనే ఊదా రంగు మొదలైంది. టీడీఎస్ పెన్ను నీళ్లలో కరిగిన లవణాల మొత్తం చూపిస్తుందంతే. అమ్మోనియా 2 పీపీఎం ఉందో లేదో ఆ మొత్తంలో తెలియనే తెలియదు. ఫిల్టర్‌లో బ్యాక్టీరియా ఎదగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. వాడి ఫిల్టర్‌లో కొత్త స్పాంజి తప్ప ఏమీ లేదు.

నైట్రైట్ రక్తంలోకి వెళ్తే హిమోగ్లోబిన్‌ను మెథిమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది, రక్తం గోధుమ రంగు తిరిగి ఆక్సిజన్‌ను మోయలేదు. మనుషుల్లోనూ ఇదే జరుగుతుంది, ల్యాబ్‌లో చదువుకున్నదే. అందుకే నీళ్లలో గాలి బాగా ఉన్నా చేప ఊపిరాడక పైకొస్తుంది. యాంటీ క్లోరిన్ వేసిన నీళ్లతో సగం మార్చాం. లీటరుకు అర గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి పోశాం, ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి రానివ్వదు. మేత పూర్తిగా ఆపేశాం. మా సంప్‌లోని పాత స్పాంజి ఒకటి తడి ఆరకుండా తీసుకెళ్లి వాడి ఫిల్టర్‌లో పెట్టాను. సగం చేపలు మా చిన్నమ్మ వాళ్ల పక్కింటి ట్యాంకుకు మారాయి. రోజూ పొద్దున కిట్ చూపించే రంగును బట్టే ఎంత నీళ్లు మార్చాలో నిర్ణయించుకున్నాడు. ఊదా తగ్గుతూ నీలంలోకి వచ్చింది. కొన్ని చేపలు పోయాయి, ఎక్కువ మిగిలాయి.

వాడికి ఆ చేపలతో పాటు, ట్యాంకు శుభ్రం చేస్తుందని చెప్పి రెండు సకర్ చేపలు కూడా ఇచ్చారు. సకర్ అద్దం మీద పాచి గీకుతుంది గానీ దాని మలం ఎవరు తీస్తారు? అడుగు దాటి పెరిగే చేప అది. ఫిల్టర్ మీద భారం పెంచుతుందే తప్ప తగ్గించదు. పెద్దదయ్యాక పెట్టుకోలేక చెరువుల్లో వదిలేస్తున్నారు. ఇది క్షమించరాని పని. మన జాలర్ల వలలు చింపేస్తున్న దెయ్యం చేప ఈ జాతిదే. తూర్పు కనుమల నీళ్లలో దీని జాడను మన హైదరాబాద్ సీసీఎంబీ (సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏతో పట్టుకున్నారు. పెట్టుకోలేకపోతే షాపుకు తిరిగి ఇవ్వండి, చెరువులో మాత్రం వదలొద్దు.

నీళ్లలో ముంచి రంగు చూసే టెస్ట్ స్ట్రిప్‌ల గురించి అడుగుతారు కాబట్టి: నిమిషంలో అయిపోతాయి, కానీ మామూలు స్ట్రిప్‌లలో చాలావాటికి అమ్మోనియా గడి ఉండదు. వానాకాలం డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే తేమ తగిలి పాడవుతాయి. ఊరెళ్తూ ఒకసారి చూసుకోవడానికి సరే.

ఈ కిట్‌లో నాకు లోటుగా అనిపించేది ఒకటే, కేహెచ్ టెస్టు (పీహెచ్ పడిపోకుండా కాపాడే క్షారత ఎంతుందో చెప్పేది) లేకపోవడం. దాన్ని వేరే కొనాలి, అదే కంపెనీది జీహెచ్ (నీళ్ల గట్టిదనం) టెస్టుతో కలిపి దొరుకుతుంది. ముఖ్యంగా ఆర్వో నీళ్లు వాడేవాళ్లకు అది తప్పనిసరి. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు బ్యాక్టీరియా నీళ్లలోని క్షారతను తినేస్తుంది, గ్రాము నత్రజనికి 7 గ్రాముల పైచిలుకు. రోజుకు 10 గ్రాముల మేత పడే 600 లీటర్ల ట్యాంకులో వారానికి సుమారు 1.7 డిగ్రీల కేహెచ్ పోతుంది. బోరు నీళ్లలో అది బోలెడంత ఉంటుంది, తెలియను కూడా తెలియదు. చేపలకు మంచి నీళ్లివ్వాలని అచ్చంగా ఆర్వో నీళ్లే పోస్తే, ఒకటీ రెండు వారాల్లో ఆ కాస్తా అయిపోయి పీహెచ్ ఒక్కసారిగా కూలిపోతుంది.

ఆక్సిజన్‌కు కూడా ఇందులో టెస్టు లేదు, ఈ ధరలో ఆశించనూకూడదు. కానీ ఎండాకాలం చేపల సంఖ్యకు అసలు హద్దు అదే అవుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగితే, 32 డిగ్రీలకు అది 7 చుట్టూ పడిపోతుంది. అదే వేడికి చేప ఒంటికి మాత్రం ఇంకా ఎక్కువ కావాలి. మేలో మా ట్యాంకు పైన మూత తీసి చిన్న ఫ్యాన్ తిప్పుతాను, నీళ్లు ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. సాయంత్రం గాలిదుమారం వచ్చి కరెంటు పోతే సంప్ మోటారు ఆగిపోతుంది కాబట్టి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంటుంది. ఒత్తుగా చేపలున్న ట్యాంకుకు అది లేకపోతే నాకు రాత్రి నిద్ర పట్టదు.

కొనేటప్పుడు సీసా మీది లాట్ నంబరు చూడండి. చివరి నాలుగు అంకెలు తయారైన నెల, సంవత్సరం. పాత స్టాకు అంటగడితే వెనక్కి ఇచ్చేయండి. కొన్ని సీసాల్లో ఒళ్లు కాల్చే రసాయనాలు ఉన్నాయి, పిల్లలకు అందని, వేడి తగలని బీరువాలో పెట్టండి. టెస్టు చేసిన నీళ్లు ఎట్టి పరిస్థితుల్లో ట్యాంకులో తిరిగి పోయకండి. ట్యూబులు వాడిన వెంటనే కడిగి బోర్లించండి, ఒక్కటి పగిలినా విడిగా దొరకడం ఇబ్బందే.

ధర ఎక్కువ అనిపిస్తే ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే వీధిలో ట్యాంకులున్న ముగ్గురు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. అన్ని టెస్టులు ఒక్క ఇంట్లో అయ్యేలోపు సీసాలు పాతబడిపోతాయి కూడా. మా వీధిలో ఇప్పుడు అలాగే నడుస్తోంది, ఆదివారం పొద్దున శాంపిల్స్ మా ఇంటికి వస్తాయి. తెచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే: సబ్బు తగలని సీసా తీసుకోండి, ట్యాంకు నీళ్లతోనే రెండుసార్లు తొలిచి, మధ్యలో నుంచి ముంచి, గాలి మిగలకుండా అంచు దాకా నింపి మూత పెట్టండి, గంటలోపు తీసుకురండి. సీసా మీద పేరు, నీళ్లు చివరిసారి మార్చిన తేదీ, రోజుకు ఎంత మేత వేస్తున్నారో రాయండి.